ముక్కు దాటిన దుమ్ము ఎక్కడ దిగుతుంది?

మీ నాన్నగారు సైదాపురం వైపు తెల్లరాయి పొడి చేసే మిల్లులో ఏళ్ల తరబడి పని చేస్తున్నారని, ఎక్స్‌రేలో రెండు పక్కలా పైభాగంలో చిన్న చిన్న మచ్చలు ఉన్నాయన్నారని, కళ్లె పరీక్షలో టీబీ లేదని వచ్చిందని రాశారు. ముక్కులో వెంట్రుకలున్నాయి, పైన తువ్వాలు కట్టుకుంటారు, అయినా దుమ్ము ఊపిరితిత్తుల దాకా ఎట్లా పోయిందని అడిగారు. కూర్చుంటే రక్తంలో ఆక్సిజన్ శాతం చూడటానికి వేలికి పెట్టే మిషన్ 97 చూపిస్తోంది, మేడమెట్లు ఎక్కితే మాత్రం ఆయాసం, ఇదేం లెక్క అన్నారు. రోజూ రాత్రి బెల్లంముక్క తింటే దుమ్ము కడుక్కుపోతుందా అన్నది మూడోది. మీ తమ్ముడు కూడా అదే మిల్లులో చేరబోతున్నాడన్న మాట చివర్లో రాశారు, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది అదే.

నేను నెల్లూరులో ఊపిరితిత్తుల విభాగంలో ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, చేయించే పనిలో చాలా కాలంగా ఉన్నాను. సైదాపురం తెల్లరాయి వాళ్లు, మార్కాపురం పలకల రాయి వాళ్లు, చీమకుర్తి పాలిషింగ్ వాళ్లు, కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్లలో పనిచేసిన ఆడవాళ్లు, అందరూ ఆ గొట్టంలో ఊదినవాళ్లే. మీ మూడు ప్రశ్నలకీ జవాబు గాలి పోయే దారిలోనే ఉంది కాబట్టి ఆ దారి వెంటే పోదాం, కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ముందు గాలి లోపలికి ఎందుకొస్తుందో. ఊపిరితిత్తులకి సొంతంగా కదిలే కండరం లేదు. పొట్టకీ ఛాతీకీ మధ్య అడ్డంగా ఉండే కండరం, డయాఫ్రం అంటాం, అది బిగుసుకుని కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి, ఛాతీ లోపల చోటు పెరిగి ఒత్తిడి బయటికంటే కొంచెం తగ్గుతుంది, ఆ కొంచెం తేడాకే గాలి తనంతట తాను వచ్చేస్తుంది. వదిలేటప్పుడు, ఊరికే కూర్చుని ఉంటే, ఏ కష్టమూ లేదు, సాగిన ఊపిరితిత్తి వెనక్కి ముడుచుకుంటుంది, గాలి బయటికొస్తుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దమనిషి ఒక్కో ఊపిరికి అర లీటరు దాకా, నిమిషానికి 12 నుంచి 20 సార్లు పీలుస్తాడు. అంటే నిమిషానికి ఆరు నుంచి పది లీటర్లు అనుకోండి. అదే మనిషి బస్తాలు మోస్తుంటే నిమిషానికి 40 లీటర్లు దాటిపోవచ్చు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఒకే షెడ్డులో ఒకే దుమ్ములో కూర్చుని లెక్కలు రాసే గుమాస్తా పీల్చేదీ, బస్తాలు ఎత్తే మీ నాన్న పీల్చేదీ ఒకటి కాదు.

ఇప్పుడు ముక్కు. వెంట్రుకలు ఆపేది పురుగుల్నీ, పీచునీ, పెద్ద పెద్ద నలకల్నీ. అసలు పని వాటి వెనక జరుగుతుంది. ముక్కు లోపల పక్కగోడల నుంచి ఒక్కో వైపు మూడేసి వంకర ఎముకలు పొడుచుకుని వచ్చి ఉంటాయి, వాటిమీద ఎప్పుడూ తడిగా ఉండే పొర, దాని కింద రక్తం నిండుగా పారే సన్నని నాళాలు. గాలి ఆ సందుల్లో మెలికలు తిరుగుతూ పోవాలి. గాలి తిరుగుతుంది, బరువున్న నలక తిరగలేదు, నేరుగా పోయి తడిగోడకి అతుక్కుంటుంది. పది మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించినవాటిలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి. మనిషి తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది, దాన్నిబట్టి అంచనా వేసుకోండి. మీ నాన్న సాయంత్రం ముక్కు చీదితే తెల్లగా వస్తోందని రాశారు కదా, అది ముక్కు ఆపగలిగిన దుమ్ము. వస్తోంది కాబట్టి అంతా బయటికి పోతోందని అనుకోకండి. వచ్చేది లావుది.

ముక్కు ఇంకో పని కూడా చేస్తుంది, చాలామంది పట్టించుకోరు. రోహిణి కార్తెలో మన దగ్గర 43, 44 డిగ్రీల వడగాలి పీల్చినా, ఊటీ పోయి చలిగాలి పీల్చినా, ఊపిరితిత్తుల లోపలికి చేరేసరికి అది ఒంటి వేడికి, 37 డిగ్రీల దగ్గరికి, వచ్చేస్తుంది, పూర్తిగా తడి కూడా పట్టించుకుంటుంది. ఒక రంధ్రం కాసేపు కొంచెం మూసుకుని రెండోది తెరుచుకుని, కొన్ని గంటలకోసారి వంతులు మారడం కూడా మామూలే, దానికి మందు అక్కర్లేదు.

కానీ ఇదంతా ముక్కుతో పీల్చినంతసేపే. బరువు పని చేసేటప్పుడు ముక్కు చాలదు, నోరు తెరుచుకుంటుంది. నోట్లో ఆ మెలికలు లేవు. కాబట్టి దుమ్ము బాగా లేచే పనిలోనే, ఎక్కువ గాలి కావాల్సిన పనిలోనే, కాపలా లేని దారి తెరుచుకుంటుంది. ఇక తువ్వాలు సంగతి. నేత సందులు మన కంటికే కనిపిస్తాయి, ఒకటి రెండు మైక్రాన్ల పొడికి అది అడ్డే కాదు, పైగా చెంపల పక్కనుంచి ఎటూ గాలి దూరుతూనే ఉంటుంది. తువ్వాలు మొహానికి దుమ్ము పట్టకుండా చూస్తుంది, అంతవరకే.

ముక్కూ నోరూ వెనకాల గొంతులో కలుస్తాయి. అక్కడినుంచి రెండు దారులు. ముందువైపు స్వరపేటిక, దాని కింద గాలిగొట్టం, దాని వెనక అన్నవాహిక. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, చిన్న మూత లాంటి ఉపజిహ్విక దానిమీదికి వాలుతుంది, స్వరతంతులు కూడా దగ్గరికొచ్చి మూసుకుంటాయి, ఆ క్షణం మనం ఊపిరి పీల్చం. మీ బెల్లం ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. బెల్లంముక్క వెనక దారిన కడుపులోకి పోతుంది. అది ఊపిరితిత్తుల్ని తాకదు. నిజంగా తాకితే ఆ మనిషి పొలమారి ఉక్కిరిబిక్కిరైపోతాడు. లక్నోలో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగం 1994లో అచ్చయింది, బెల్లం పెట్టిన ఎలుకల ఊపిరితిత్తుల నుంచి దుమ్ము రేణువులు కాస్త ఎక్కువగా కదిలాయని అందులో ఉంది, వాట్సాప్‌లో తిరిగే మాటకి మూలం అలాంటిదే అయ్యుంటుంది. దాన్ని పట్టుకుని ఎలుకలో జరిగింది మచ్చలు పడిపోయిన మనిషి ఊపిరితిత్తిలో కూడా జరుగుతుందని చెప్పడానికి లేదు. గొంతు తడవడానికి తింటే తిననివ్వండి, షుగర్ ఉంటే అదీ వద్దు. బెల్లం తింటున్నాను కదా అని మాస్కు మానేయడం మాత్రం చాలా ప్రమాదం, నేను గట్టిగా చెప్తున్న మాట ఇది. ఆవిరి కూడా అంతే, పైదారుల్లో కళ్లెని పలచన చేస్తుంది, అడుగుదాకా పోయి దేన్నీ కడగదు.

స్వరపేటిక కింద గాలిగొట్టం. పది పన్నెండు సెంటీమీటర్ల పొడుగు, సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పు, మూసుకుపోకుండా 16 నుంచి 20 మెత్తటి ఎముక ఉంగరాలు పట్టుకుని ఉంటాయి, వెనక పక్క అవి తెరిచే ఉంటాయి, అన్నవాహిక అక్కడ ఆనుకుని ఉంటుంది. రొమ్ము ఎముక వెనక అది కుడి ఎడమలుగా చీలుతుంది. కుడి గొట్టం కాస్త వెడల్పు, పొట్టి, నిటారుగా దిగుతుంది, అందుకే చిన్నపిల్లలు వేరుశనగ గింజ నోట్లో పెట్టుకుని నవ్వుతూ పరిగెత్తి పొలమారినప్పుడు అది ఎక్కువగా కుడి పక్కే దొరుకుతుంది. ఇది మీ ప్రశ్న కాదు, ఇంట్లో పిల్లలుంటారని చెప్పాను.

ఇక్కడినుంచి ప్రతి గొట్టమూ రెండుగా చీలుతూ పోతుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఎవాల్డ్ వైబెల్ 1963లో కొలిచి చూపించిన లెక్క ఇప్పటికీ మేం వాడుతున్నాం, గాలిగొట్టం నుంచి అడుగుదాకా సుమారు 23 సార్లు చీలుతుంది. మొదటి 16 చీలికల దాకా ఉన్నవి ఉత్త దారులు, అక్కడ ఆక్సిజన్ రక్తంలోకి పోదు. పీల్చిన అర లీటరులో 150 మిల్లీలీటర్లు ఈ దారుల్లోనే ఉండిపోయి వెనక్కి వచ్చేస్తాయి, మిగిలిన 350 మాత్రమే పని జరిగే చోటికి చేరతాయి. ఆయాసంతో చిన్నచిన్న ఊపిర్లు గబగబా తీసేవాళ్లకి ఎంత పీల్చినా చాలనట్టు ఉండేది అందుకే, ప్రతి ఊపిరిలోనూ ఆ 150 వృథా అవుతూనే ఉంటుంది.

ఒక్కో గొట్టం సన్నబడుతూ పోయినా వాటి సంఖ్య అంతకంటే వేగంగా పెరుగుతుంది. పైన గాలిగొట్టం నోరు రెండున్నర చదరపు సెంటీమీటర్లుంటే, అడుగున ఉన్న సన్న గొట్టాల నోళ్లన్నీ కలిపితే వేల చదరపు సెంటీమీటర్లు. దాంతో గాలి వేగం పడిపోతుంది. సోమశిల నీళ్లు పెద్దకాలువలో ఉరుకుతాయి, పిల్లకాలువల్లోకి చీలేకొద్దీ నెమ్మదిస్తాయి, మడిలోకి చేరేసరికి నిలబడిపోతాయి, అక్కడ ఒండ్రు దిగుతుంది. లోపల కూడా ఇదే జరుగుతుంది. చివరి చీలికల దగ్గర గాలి ప్రవాహంగా కదలడం దాదాపు ఆగిపోయి, ఆక్సిజన్ అణువులు తమంతట తాము వ్యాపించుకుంటూ ముందుకు పోతాయి. ఆ నెమ్మది లేకపోతే రక్తంతో మార్పిడి జరగదు, మనం బతకం. అదే నెమ్మది సన్నటి రాతిపొడికి దిగడానికి కావలసిన తీరిక ఇస్తుంది.

అన్ని రేణువులూ అడుగుదాకా రావు. ముక్కు వదిలేసినవాటిలో అయిదారు మైక్రాన్ల పైవి గొట్టాలు చీలే మలుపుల దగ్గర గోడకి తగులుతాయి. ఆ గొట్టాల గోడకి జిగట పొర, దాని కింద కంటికి కనిపించని సన్నటి వెంట్రుకల్లాంటి శైలికలు, సెకనుకి పదిసార్లకి పైగా కొట్టుకుంటూ ఆ జిగటని పైకి నెడుతుంటాయి, పెద్ద గాలిగొట్టంలో నిమిషానికి దాదాపు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా కదులుతుంది. గొంతుదాకా వచ్చినదాన్ని మనం తెలియకుండానే మింగేస్తాం, లేదా దగ్గి ఉమ్ముతాం. ఇది పగలూ రాత్రీ ఆగని పని, ఈ దారుల్లో పడ్డ దుమ్ము ఒకటి రెండు రోజుల్లో చాలావరకు పైకొచ్చేస్తుంది. బీడీ తాగేవాళ్లలో ఈ శైలికలే మందగించి, పోనుపోను రాలిపోతాయి. మీ నాన్నకి బీడీ అలవాటుందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ రోజే ఆపించండి, రేపు కాదు.

మిగిలింది ఒకటి రెండు మైక్రాన్ల పొడి. కంటికి కనిపించనిది అదే, షెడ్డులో మబ్బులా లేచి కనిపించేది లావు దుమ్ము, అది నేలమీద దిగిపోయాక కూడా సన్నది గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటుంది. అన్నం తినేటప్పుడు మాస్కు తీసి షెడ్డులోనే కూర్చుంటారు చూడండి, అప్పుడు పీల్చేది దాన్నే. ఈ పొడి 23 చీలికలూ దాటి గాలిగదుల్లోకి పోతుంది. ఆ గదులు ముప్ఫై కోట్లకి తక్కువ ఉండవు, ఒక్కోటి మిల్లీమీటరులో నాలుగోవంతు దగ్గర, అన్నిటి గోడలూ పరిస్తే 70 చదరపు మీటర్ల దాకా వస్తుంది. గోడ మందం అర మైక్రాన్ చుట్టుపక్కల ఉంటుంది, దానికి ఒక పక్క గాలి, రెండో పక్క రక్తం. అంత పలచటి గోడమీద శైలికలు, జిగట పొర ఉండవు, ఉంటే ఆక్సిజన్ దాటలేదు. పైనున్న శుభ్రం చేసే ఏర్పాటు అక్కడితో అయిపోతుంది. ఇంకో సంగతి, మనం మామూలుగా గాలి వదిలేశాక కూడా లోపల రెండు లీటర్లకి పైగా మిగిలే ఉంటుంది, కొత్తగాలి అందులో కలుస్తుందే తప్ప మొత్తం మారిపోదు, కాబట్టి వచ్చిన పొడి వెంటనే వెనక్కి పోవాలనీ లేదు.

అక్కడ కాపలా ఒక్కటే, మాక్రోఫేజ్ అనే కణాలు. బొగ్గుమసి గానీ సూక్ష్మక్రిమి గానీ కనిపిస్తే మింగేస్తాయి. తెల్లరాయి, అంటే క్వార్ట్జ్, దాదాపు మొత్తం సిలికా. సిలికా రేణువుని మింగిన మాక్రోఫేజ్ దాన్ని అరాయించుకోలేదు, దానివల్ల తనే చచ్చిపోతుంది, పగిలి లోపలి రసాయనాలు బయటపడతాయి, రేణువు మళ్లీ బయటికొస్తుంది, ఇంకో మాక్రోఫేజ్ వచ్చి మింగుతుంది. ఇట్లా ఏళ్ల తరబడి. ఆ మంటకి చుట్టూ గట్టి పీచు పేరుకుని ముడులు కడుతుంది. ఎక్స్‌రేలో పైభాగంలో కనిపించే చిన్న మచ్చలు ఈ ముడులు కావచ్చు, సిలికా పొడి వల్ల వచ్చే ఈ జబ్బుని సిలికోసిస్ అంటారు, అందులో అవి పైభాగాల్లోనే ఎక్కువ కనిపిస్తాయి. అప్పుడే పగిలిన రాయి పొడి పాతపొడి కంటే ఎక్కువ హాని చేస్తుంది, కాబట్టి క్రషర్ దగ్గర, జల్లెడ దగ్గర నిలబడేవాళ్లకి ప్రమాదం ఎక్కువ. మార్కాపురం పలకల రాయిలో కూడా సిలికా ఉంది. చీమకుర్తి గెలాక్సీ నల్లరాయిలో మామూలు గ్రానైట్ కంటే క్వార్ట్జ్ తక్కువ, అలాగని దాని పొడి పీల్చుకోవచ్చని ఎవరూ అనుకోవద్దు.

ఇక మేడమెట్లు. ఎర్రరక్తకణం గాలిగది పక్కనుంచి పోవడానికి, మనం కూర్చుని ఉంటే, సెకనులో ముప్పావు వంతు పడుతుంది. ఆక్సిజన్ ఎక్కించుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తిలో పావు సెకను చాలు. అంటే మిగతా సమయమంతా చేతిలో మిగులు. గోడ మందమైతే ఆ పావు కాస్తా అర సెకను అవుతుంది, కూర్చున్నప్పుడు అదీ సరిపోతుంది, మిషన్ 97 చూపిస్తుంది. మెట్లు ఎక్కితే గుండె వేగం పెరిగి రక్తం ఉరుకుతుంది, కణానికి దొరికే సమయం పావు సెకనుకి దిగిపోతుంది, పని పూర్తికాకుండానే దాటిపోతుంది. దానికి తోడు పీచు కట్టిన ఊపిరితిత్తి బిరుసెక్కి ఉంటుంది, ప్రతి ఊపిరికీ కండరాలు ఎక్కువ లాగాలి. కాబట్టి మీ మిషన్ తప్పు చూపించడం లేదు, మీరు చూసిన సమయమే వేరు. కూర్చుని ఒకసారి, ఆరు నిమిషాలు చదునుగా నడిచాక ఒకసారి చూడాలి. దీన్నే ఆరు నిమిషాల నడక పరీక్ష అంటారు, ఆసుపత్రిలో మనిషి పక్కన ఉండగా చేయించండి, ఇంట్లో మేడ ఎక్కించి చూడొద్దు. నడకలో 90 కంటే కిందికి దిగితే అది డాక్టరుకి చాలా పెద్ద సమాచారం.

పొగతోట ప్రైవేటు ఆసుపత్రుల్లో చూపిస్తారో, ప్రభుత్వాసుపత్రికి పోతారో మీ ఇష్టం, ఛాతీ డాక్టరుకే చూపించండి. పోగానే చెప్పాల్సిన మొదటి మాట దగ్గు, ఆయాసం కాదు, నాన్న చేసే పని. ఏ రాయి, మిల్లులో ఏ చోట, ఎన్నేళ్లు, తడిపి చేస్తారా పొడిగానా, ఇవన్నీ కాగితం మీద రాసుకుని పోండి. ఆ మాట చెప్పకపోతే పైభాగంలో మచ్చలు చూసి ఎవరికైనా ముందు టీబీయే తడుతుంది. ఊదే పరీక్షతో పాటు డీఎల్‌సీఓ అనేదొకటుంది, ప్రమాదం లేనంత కొద్దిగా వేరే వాయువు కలిపిన గాలి పీల్చి పది సెకన్లు బిగబట్టి వదలాలి, గోడ ఎంతవరకు దాటనిస్తోందో అది చెప్తుంది. ఊదే పరీక్ష మాత్రమే చేసి బాగుందంటే నిశ్చింతగా ఉండొద్దు, మొదట్లో అది మామూలుగానే రావచ్చు. ఊదేటప్పుడు మాత్రం లోపలున్నదంతా, ఇక గాలి రాదనేదాకా, ఆపకుండా ఊదమనండి, చాలామంది బలమంతా మొదట్లో పెట్టి మధ్యలో ఆపేస్తారు, దాంతో లెక్క పనికిరాదు.

టీబీ లేదని వచ్చిన కాగితం ఈ రోజుకే. సిలికా చంపేసే ఆ మాక్రోఫేజ్‌లే టీబీ క్రిమిని కూడా ఆపాల్సినవి, కాబట్టి సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ వచ్చే అవకాశం మామూలువాళ్ల కంటే చాలా ఎక్కువ, పని మానేశాక కూడా. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తపు చార, వీటిలో ఏది కనిపించినా మళ్లీ పరీక్ష చేయించాలి, ప్రభుత్వంలో అది ఉచితం.

పడిన ముడుల్ని కరిగించే మందు లేదు. మీకు ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది, చెప్పకపోతే ఎవరో అమ్మే కషాయాలకి డబ్బు పోస్తారు. దుమ్ములోంచి బయటికి రావడమే ఉన్న వైద్యంలో పెద్దది. వచ్చాక కూడా జబ్బు కొంత ముదరవచ్చు, అయినా లోపలికి చేరే మొత్తం తగ్గితే ముదిరే వేగం తగ్గే అవకాశం ఎక్కువ. సిలికోసిస్ అధికారులకి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి, పరిహారం అడిగే హక్కు ఉంది. దానికి పని చేసినట్టు ఆధారం కావాలి, కాబట్టి జీతం చీటీలు, ఈఎస్ఐ కార్డు, బ్యాంకులో పడిన జీతం, ఏదీ లేకపోతే తోటి పనివాళ్ల మాట, ఇప్పుడే పోగుచేసి పెట్టండి. పని మానేశాక అడిగితే మిల్లుల్లో చాలా సార్లు దొరకవు.

ఇక తమ్ముడు. వేరే పని దొరికితే అక్కడ చేరనివ్వకండి, నా మాట అదే. తప్పదంటే చేరకముందే ఎక్స్‌రే, ఊదే పరీక్ష చేయించి ఆ కాగితాలు దాచండి, రేపు పోల్చి చూడటానికి అవే ఆధారం, ఆ తర్వాత ఏడాదికోసారి చేయించండి. రాయిని తడిపి ఆడిస్తున్నారా, క్రషర్‌కి మూత, దుమ్ము లాగే ఫ్యాను ఉన్నాయా అని చేరకముందే చూసి రమ్మనండి. మాస్కు ఎన్95 కి తగ్గకూడదు, ముక్కు దగ్గర క్లిప్పు నొక్కి, గడ్డం తీసేసి పెట్టుకోవాలి, గడ్డం మీద ఏ మాస్కూ అతకదు. అన్నం షెడ్డు బయటే. పని అయ్యాక కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునే అలవాటు చాలా మిల్లుల్లో చూశాను, రోజంతా బట్టలకి పట్టిన సన్నపొడి ఒక్కసారిగా మొహంలోకి లేస్తుంది, అది అస్సలు చేయనివ్వకండి. అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలి, ఆ బట్టలు ఇంట్లో అమ్మ పొడిగా దులపకూడదు, నేరుగా నీళ్లలో వేయాలి. నాన్న ఎక్స్‌రే రిపోర్టులో రాసిన మాటలు, ఊదే పరీక్ష అంకెలు ఇక్కడ టైప్ చేసి పెట్టండి, పేరు, ఫోన్ నంబరు లేకుండా. చూసి ఏ అంకె ఏం చెప్తుందో వివరంగా రాస్తాను.